నెల దాటని కుర్సీ

మా ఇంట్ల ఏ కుర్సీ నెల దాటి ఉండదు.

మొహినొద్దీన్ భాయ్ కబాడ కొట్టు నుంచి
ట్రాలీల ఒస్తయి.
ఒకదానికి కాలు కుంటి, ఒకదానికి ఈపు ఇరిగింది.
సొరుగులల్ల ఎవరిదో కరెంటు బిల్లు,
ఎండిపోయిన వక్కపలుకు,
ఒకసారి కాయితంల చుట్టిన పాలపన్ను.
అది పారెయ్య చెయ్యి రాలే.
ఇంకా పోపుడబ్బాల ఉన్నది.

అంజిలయ్య మొలలు పీకుతడు.
నేను గీకుత.
కావేరమ్మపేటల మా రేకుల షెడ్డు కింద
ఎండకాలం లప్పం జల్ది ఆరుతది.
వానకాలమే కష్టం,
రంగు ఆరకముందే ఫీజు కట్టే తారీకు ఒస్తది.

పైన సిమెంటు రంగు,
గీకితే మామిడిపిందె పచ్చ,
ఇంకా గీకితే
ఎవరో పెండ్లికి ఏసిన గులాబి.
అన్నిటి కింద కట్టె,
ఎవ్వల మొకం సూడని కట్టె.
నా కొంగు ఇప్పి సూస్తే
సగం జడ్చర్ల గోడలు కనవడతయి.

ఎంత సబ్బు పెట్టినా చేతులు టర్పెంటైన్ వాసనే.
చిన్నోడు మేనత్త ఇంట్ల తిని
"ఇది అన్నం లెక్క లేదే" అన్నడు.

వాడు ఎనిమిది నెలల దాకా
బట్టల అల్మార కింది సొరుగుల పండిండు.
ఆ అల్మార కొననీకి ఒచ్చినామె
తల లోపల పెట్టి వాసన పట్టి
"పాల వాసనేంది?" అన్నది.
యాభై తగ్గించి ఇచ్చిన.

పెద్దది ఈ పేటల పుట్టిందని కావేరి.
దాని ఎక్కాలు డాక్టరు బల్ల మీద,
తెలుగు వాచకం అద్దం లేని పార్లర్ టేబుల్ మీద,
భిన్నాలు సగం కిరాణం గల్లపెట్టె మీద.
మిగిలిన సగం ఇప్పటికీ రావు దానికి.

ఒకసారి డైనింగ్ టేబుల్ మీద
పదకొండు దినాలు తిన్నం, దొరల లెక్క.
పన్నెండోనాడు ఒక సారు ఒచ్చి
పప్పుచారు మరక తుడిపిచ్చి మరీ తీస్కపోయిండు.
రాత్రి కింద కూసొని తింటుంటే చిన్నోడు అడిగిండు:
"అమ్మా, ఈ చాప ఎప్పుడు అమ్ముతం?"

నవ్విన.
నవ్వినంక, ఆ పూట లప్పం కలపబుద్ధి కాలే.

మొన్నటి ట్రాలీల ఒక నీలం కుర్సీ దిగింది.
బ్రష్షు పోట్లు సూసి గుర్తువట్టిన.
అడ్డం గుంజి, కొసకు ఎత్తే అలవాటు నాదే.
ఏడేండ్ల కింద ఖమరున్నిసా టీచరమ్మకు అమ్మిన.
ఆమె ఎవరికిచ్చిందో, వాళ్లు ఎవరికిచ్చిన్రో,
చేతులు ఆనిచ్చే కాడ నీలం అరిగి
పాత పచ్చ బయటవడ్డది.
చిన్నోనికి జరమొచ్చిన వారం అది.
గీకకుండనే పూసి
గీకిన అని చెప్పి పైసలు తీసుకున్న.

బోర్లించిన.
కూసునే పలక కింద
పెన్సిల్ తోని, వంకర అచ్చరాలు:
*కావేరి, మూడు బి.
ఇది నాది. మల్ల రా.*

పిలిచి సూపిచ్చిన. పదో తరగతి పిల్ల,
జడ అల్లుకుంటనే ఒంగి సూసింది.
"ఇట్ల ఎన్నిటికి రాసినవే?"
"అన్నిటికి" అన్నది,
రబ్బరుబ్యాండు పండ్లతోని పట్టుకొని.

అన్నిటికి.
డాక్టరు బల్లకు, సారు టేబులుకు,
చిన్నోడు పండిన సొరుగుకు గూడ.

ఈసారి కట్టె దాక గీకిన.
రెండు దినాలు పట్టింది, బాకీ గదా.
గరుకు కాయితాలే ఎనిమిది అయిపోయినయి.
పైన పసుపు, రెండు పూతలు, ఎండకు పెట్టి.
కింద ముట్టలే.

ఆదివారం బాదేపల్లి నుంచి ఒకాయన ఒచ్చిండు.
చెదలున్నయా అని తిరగేసి సూసిండు.
"ఎవరమ్మా ఈ కావేరి?"

"పాత ఓనరు" అన్న.

ఆరు వందలు.
రూపాయి తగ్గలే.